జడవాయు ఉపవిభాగంలో బేసి వెలుగు

“పేలిపోద్దేటే పున్నా?”

అప్పటికి ఏమీ జరగలేదు. సిలిండరు ఇంకా చేతికి రానే లేదు. కానీ ప్రమాదం జరిగాక అడిగే ప్రశ్నకు విలువ ఉండదన్నది నా సిద్ధాంతం. (కలకత్తా పక్క లిలువా రైల్వే క్వార్టర్లలో ఈ సిద్ధాంతానికి నేను తప్ప వేరే అనుచరులు లేరు.) వెలుగు కోసం మానవజాతి నిప్పును కనిపెట్టింది, దీపాన్ని కనిపెట్టింది, చివరికి కలకత్తాలో జడవాయు అనుమతుల ఉపవిభాగాన్ని కనిపెట్టింది. మొదటి రెండూ ఎప్పుడో ఒకప్పుడు ఆరిపోతాయి. మూడోది వెలగదు కాబట్టి ఆరే ప్రశ్న లేదు.

మా అమ్మాయి పున్నమ్మ లేజరు మీద పరిశోధన చేస్తుంది. వాళ్ళ లాబు వాళ్ళు పరాయి దేశం నుంచి అరువు తెచ్చిన యంత్రం పూజల సెలవుల లోగా ఓడెక్కి తిరిగి వెళ్ళిపోవాలి. దానికి జెనాన్ అనే గ్యాసు, జడవాయువుల్లో ఒకటి, కావాలి. గ్యాసు లేకపోతే కొలతలు లేవు, కొలతలు లేకపోతే పున్న పేరు ముందు డాక్టరు లేదు. సిలిండరేమో రేవు గోదాములో కూర్చుంది. అనుమతి లేనిదే కదలదట.

గ్యాసుతో ఏం చేస్తారో పున్న అన్నం కలుపుకుంటూ చెప్పింది. పరమాణువులోంచి ఎలక్ట్రానును లేజరు బయటికి లాగుతుందట. అది కాస్త దూరం తిరిగి, వెనక్కొచ్చి, సొంతింటినే గుద్దుకుంటుందట. ఆ దెబ్బకి కొత్త వెలుగు పుడుతుందట.

“తిరిగి రాకపోతే?” అన్నాను.

“రాకపోతే యెలుగు నేదు.”

ఆడపిల్ల తల్లికి సైన్సు ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

ఆ కొత్త వెలుగు పాతదానికన్నా మూడు రెట్ల వేగంతో కంపిస్తుంది, ఐదు రెట్లు, ఏడు రెట్లు, అలా పైపైకి పోతుంది. సరిసంఖ్యలు మాత్రం రావు. లాగుడు అటూ ఇటూ ఒకేలా ఉండటంతో అవి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. పాత యంత్రాలు అరుదుగా, గట్టిగా కొట్టేవట. మరీ గట్టిగా కొడితే ఎలక్ట్రాన్లన్నీ ఊడిపోయి అసలు వెలుగే చెడుతుంది. వీళ్ళది చిన్న దెబ్బ, సెకనుకు లక్షసార్లు.

ఇక అనుమతి సంగతి. పెళ్ళికాని పరిశోధకురాలు గ్యాసుతో పనిచేస్తే, అది పేలదని ఇంటిపెద్ద స్వయంగా వచ్చి హామీ ఇవ్వాలని నియమం. (పెళ్ళయినవాళ్ళ గ్యాసు పేలినా ఫరవాలేదు కాబోలు.) ముందు మా ఆయన సత్యారావు గారు వెళ్ళారు. వర్క్‌షాపులో ఇంజన్ల మీద అరిచే గొంతుతో ఒకే ఒక్కసారి అరిచారు. సెక్షను మొత్తం కుర్చీల్లోంచి ఊడిపోయి టీకి వెళ్ళిపోయింది. ఆ రోజుకి వెలుగు లేదు.

తర్వాత నేను వెళ్ళాను. కౌంటర్లు చూడగానే పున్న చెప్పిన సైన్సు గుర్తొచ్చింది. ఒకటో కౌంటరు మూడుకి పంపింది, మూడు ఐదుకి, ఐదు ఏడుకి. సరిసంఖ్యల కౌంటర్లూ ఉన్నాయి. వాటికి కుర్చీలున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మనుషులే లేరు. ఆ కుర్చీల్ని రెండు ఉద్యోగ సంఘాలు చెరోవైపు ఒకే బలంతో లాగుతున్నాయని, తను ఉద్యోగంలో చేరాక అవి తెరిచింది చూడలేదని ప్యూను చెప్పాడు. అతనికి వచ్చే నెలలో పదవీ విరమణ.

ఏడో కౌంటరులో ఉప అధికారి అనిమేష్ హాల్దార్ గారు. జడవాయువు దేనితోనూ కలవదు, దేనికీ చలించదు. ప్రభుత్వం ఆయన్ని ఊరికే ఎంపిక చెయ్యలేదు.

చిన్న దెబ్బ, ఎక్కువసార్లు. “దాదా, పేలదు కదా?” అన్నాను, హామీ ఇవ్వాల్సింది నేనే అయినా. ఆయన మట్టిముంతలో టీ వంక చూశారు. “దాదా, పేలదు కదా?” ఆయన రబ్బరుస్టాంపు దుమ్ము దులిపారు. నేను గొంతు పెంచలేదు, ఆపలేదు. ఇందులో నాకు శిక్షణ అక్కర్లేదు, పున్న పుట్టిన దగ్గర్నుంచీ ఇంట్లో చేస్తున్నదే.

నా వెనక మెటియాబ్రుజ్ పేట నుంచి వచ్చిన మన తెలుగతను, గవరయ్య, నిలబడ్డాడు. వెల్డింగు షాపుకి ఆర్గాన్ అనే ఇంకో జడవాయువు కోసం తిరుగుతున్నాడట.

“నువ్వొక్కదానివే అంటే ఏటవుద్దప్పా,” అన్నాడు. “అందరం ఒక్కపాలి అందాం.”

కెరటాలన్నీ కలిసి అడుగేస్తేనే వెలుగు కూడుతుందని పున్న కూడా చెప్పింది. ముప్పయ్యేళ్ళ ఎర్రజెండా పాలనలో ఈ ఊరి క్యూలకి లయ ఒకరు నేర్పక్కర్లేదు. “జొబాబ్ చాయ్, జొబాబ్ దావ్!” అని అందుకున్నారు. జవాబు కావాలి, జవాబివ్వాలి. ప్యూను కలిశాడు. ఏ పోరాటమో అడక్కుండానే పక్క సెక్షను వచ్చి కలిసింది. అలవాటు కొద్దీ హాల్దార్ గారి పిడికిలి కూడా పైకి లేచింది. నాకు నవ్వాగలేదు. ఈ హోరుకి పైకప్పు కూలుతుందేమోనన్న భయమూ ఆగలేదు.

ఆయన తన పిడికిలిని తనే గుర్తుపట్టి దించుకున్నారు. నా కాగితం తీసి మొదటిసారి చదవడం మొదలుపెట్టారు.  చదివారు, తిప్పారు, మళ్ళీ చదివారు. పున్న యంత్రం ఓడెక్కి పోతున్నట్టు నా కళ్ళకి కట్టింది.

కాగితం నా వైపు తోశారు.

“పేలని గ్యాసుకి మా అనుమతి అక్కర్లేదు, మాషీమా. ఎప్పుడూ అక్కర్లేదు.”

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. గవరయ్య ఈల వేశాడు. నేను హాల్దార్ గారికి రెండు చేతులూ జోడించి, గోదాముకి బయల్దేరబోయాను.

“ఆ మాట రాసిచ్చేది,” అన్నారాయన, “రెండో కౌంటరు.”