దర్జీగారి ఐస్ కాఫీ పరీక్ష

ఆ ఉదయం దర్జీగారి ఐస్ కాఫీ భవితవ్యం తేలిపోవాలి. షుగర్ ఉందని తెలిసినప్పటి నుంచి ఆయనకిష్టమైనవన్నీ ఒక్కొక్కటిగా ఇల్లు విడిచిపోయాయి. మిగిలిన సుఖం ఇదొక్కటే. పంచదార వేయకుండా, పాలు తగ్గించి, ఐసు ముక్కలు గలగలలాడేలా ఒక గ్లాసు. తాగిన రెండు గంటలకు మీటరు నూట ఎనభై దాటకపోతే కాఫీ ఉంటుంది. దాటితే ఈ జన్మకింతే. భార్యతో కుదిరిన ఒప్పందం అది.

సాక్షిగా బీమా ఏజెంటు బావమరిది వచ్చాడు. "నోరు కట్టుకోవాలి బావా," అంటూ తన కాఫీలో మూడు చెంచాల పంచదార కలుపుకున్నాడు.

దర్జీగారు ఒక్కో గుక్కా చప్పరిస్తూ తాగారు. ఆయన చెయ్యి ఎక్కడ డబ్బా వైపు పోతుందోనని, భార్య గడువులోపు పంచదారంతా గుప్పిళ్లతో సంచిలోకి తోడి, కుట్టుమిషను పక్కనున్న పీలికల మూటలో దాచేసింది. అలారం మోగగానే చేతులు దులుపుకుని వచ్చింది.

బతుకంతా సూదితోనే గడిచినా, అది తన వేలి మీదికి వస్తోందంటే దర్జీగారు కళ్లు గట్టిగా మూసుకుంటారు. అందుకని భార్యే గుచ్చి, వేలు పిండి, చుక్క తీసింది.

మూడు వందల తొంభై.

"ఇంకో వేలు చూడవే," అన్నారాయన నీరసంగా. ఇంకో వేలు నాలుగు వందల పది చెప్పింది.

"బావా, కళ్లు తిరుగుతున్నాయా?"

"లేదురా."

"తిరుగుతాయి. పడుకో."

బావమరిది ఫ్రిజ్‌లోని డికాషన్ సింకులో ఒంపేశాడు. కాఫీపొడి డబ్బా చెత్తబుట్టలో పడేశాడు. దర్జీగారికి కళ్లు తిరగలేదు గానీ నీళ్లు తిరిగాయి.

"మీటరు పాడైందేమో. నీది చూసుకో," అన్నారు ఆఖరి ఆశతో.

పొద్దుటి నుంచి మంచినీళ్లు తప్ప ముట్టని భార్యకు నాలుగు వందల ముప్పై వచ్చింది. కంగారులో ఆమె గుచ్చిన వేలు నోట్లో పెట్టుకుంది. ముఖం పాలిపోయింది.

"ఏవండీ... నా రక్తం తియ్యగా ఉంది."

"ముదిరిపోయిందక్కా," అంటూ బావమరిది కుర్చీలో కూలబడ్డాడు.

దర్జీగారు తన కాఫీ సంగతే మరిచిపోయి, గబగబా లేచి భార్య చెయ్యి పట్టుకున్నారు. ముట్టుకుని గుడ్డ రకం చెప్పే వేళ్లాయనవి. ఆమె అరచెయ్యి గరగరలాడింది.

"ఏమేవ్, పంచదార ఎక్కడ పెట్టావు?"

ఆమె చూపు పీలికల మూట మీదికి పోయింది.

ఇద్దరూ సబ్బుతో చేతులు కడుక్కొచ్చారు. ఆమెకు తొంభై ఎనిమిది. ఆయనకు నూట నలభై రెండు. కాఫీ గెలిచింది. దర్జీగారు చెత్తబుట్టలోంచి డబ్బా తీసి, పసిబిడ్డను తుడిచినట్టు తుడిచారు.

"సరదాకి నాది కూడా చూడక్కా," అన్నాడు బావమరిది.

మూడు వందల పదహారు.

"నువ్వూ చేతులు కడుక్కురారా," అంది అక్క.

కడుక్కొచ్చాడు. మూడు వందల పద్దెనిమిది.

దర్జీగారు నవ్వలేదు. బాధగానే అనిపించింది. ఐసు ముక్కలు రెండు గ్లాసుల్లో వేస్తూ, "నీకూ పంచదార లేకుండానే కలుపుతానురా," అన్నారు మెల్లగా.

బావమరిది మళ్లీ చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.