రెండో చెస్ట్‌నట్‌కు అనుమతి

నిప్పుతో మొదలైన మానవ నాగరికత, ఒహాయోలోని టిప్లర్ ఫోర్క్ పట్టణ వృక్ష సంఘం వారి పద్నాలుగో నిబంధన దగ్గర పరిపూర్ణమైంది. దాని ప్రకారం ఇంటికి ఒక్కటే కాయల చెట్టు. అది కాసినట్టు రుజువు చూపినవాళ్ళకే రెండోదానికి అనుమతి. (ఇంతకన్నా న్యాయం ఎక్కడుంటుంది?)

వర్జిల్ స్టాంపర్ పెరట్లో ఉన్నది సంకర జాతి చెస్ట్‌నట్. అమెరికా చెట్టుకీ చైనా చెట్టుకీ పుట్టింది. తెగులుకు లొంగదు, త్వరగా పూతకొస్తుంది. ఉన్న పేచీ ఒక్కటే. దగ్గర్లో మరో చెస్ట్‌నట్ లేకపోతే గింజ కట్టదు. ముళ్ళకాయలు బుట్టలకొద్దీ రాలతాయి, విప్పితే అన్నీ తాలే.

వర్జిల్ తల్లి ఓపల్‌కు ఎనభై తొమ్మిదేళ్ళు. తెగులొచ్చి కొండల మీది చెస్ట్‌నట్లన్నీ చావకముందు, ఆరేళ్ళ పిల్లగా, వేయించిన గింజలు తిన్నది. "ఇంకొక్కసారి తిని పోతానురా" అని రోజూ అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా వర్జిల్ ఒక దరఖాస్తు పెడతాడు.

సంఘం కార్యదర్శి లొరెట్టా పికెన్స్ వచ్చి, తాలుకాయల్ని ఒక్కొక్కటే విప్పి చూసింది (చేతులకు తొడుగులతో, నిబంధన తొమ్మిది).

"కాయలేదుగా వర్జిల్ గారూ."

"తోడుంటే కాస్తుందమ్మా. అందుకేగా రెండోది అడుగుతున్నా."

"కాస్తే ఇస్తాం."

"ఇస్తే కాస్తుంది!"

"అరవకండి. ముందు మీ చెట్టు తన ప్రయత్నం తాను చెయ్యాలి."

ఇలా నాలుగేళ్ళు గడిచాయి. ఐదో ఏడు, వాగుకు అవతల, పట్టణం పొలిమేర దాటాక, వెండెల్ అనే రైతు వేసుకున్న చెస్ట్‌నట్ పూతకొచ్చింది. గాలి ఏ దరఖాస్తూ పెట్టకుండా వాగు దాటింది. ఆకులు రాలే కాలానికి వర్జిల్ చెట్టు కింద పదకొండు గింజలు, నిండుగా, నిగనిగలాడుతూ. అతను వాటిని వంటింటి బల్ల మీద పెట్టి, సంబరంగా సంఘానికి ఫోన్ చేశాడు.

లొరెట్టా గంటలో వచ్చింది.

"కాసిందంటే రెండో చెట్టు ఉన్నట్టే. ఎక్కడ దాచారు?"

"నాది కాదు తల్లీ, వెండెల్‌ది. వాగు అవతల."

"అంటే పొరుగూరి పుప్పొడి. లోపలికి తేవడానికి అనుమతి ఏదీ?"

"గాలిని కాలర్ పట్టుకుని ఆపమంటావా?"

"ఆపడానికి ప్రయత్నించినట్టు ఫారంలో రాశారా?"

గింజలు నేరానికి సాక్ష్యం కనుక స్వాధీనం చేసుకుంటానంది. ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళేసరికి ఓపల్ పెనం పక్కన కూర్చుని వేళ్ళు నాక్కుంటోంది. ఒళ్ళో తొక్కలు.

"పదకొండూ తినేశావా అమ్మా?"

"ఇంకా ఉన్నాయేమిట్రా? అప్పటంత తీపి లేదు గానీ, ఆగబుద్ధి కాలేదు. కూర్చో అమ్మాయ్, తొక్కలు కావాలంటే తీసుకో."

రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. సాక్ష్యం లేనందున కేసు కొట్టేశారు. సాక్ష్యం లేనందునే చెట్టు కాసినట్టూ కాదు. రెండోదానికి అనుమతి లేదు. ఇకమీదట గింజలు పడితే ముట్టకుండా తెచ్చి అప్పగించాలి, అప్పగించగానే కేసు మళ్ళీ మొదలవుతుంది. ఓపల్ గారు మరోసారి సాక్ష్యాన్ని తినకుండా చూసుకుంటానని కొడుకు హామీపత్రం రాసివ్వాలి.

వర్జిల్ సంతకం పెట్టాడు. ఆ పత్రం పదేళ్ళు చెల్లుతుంది. ఓపల్‌కు అన్నేళ్ళు ఇచ్చిన డాక్టరు ఇంతవరకు ఒక్కడూ లేడు.