గాలి బాగా ఉన్న ఇల్లు

కరెంటు కోత లేకపోతే మనిషికి తాను ఉంటున్న ఇల్లు ఎలాంటిదో చచ్చేదాకా తెలియదు! పొద్దస్తమానం కోతను తిట్టిపోసేవాళ్లు ఈ ఒక్క సంగతి ఆలోచించండి. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ప్రతి కొంపా ఊటీయే. అది ఆగాక గదా తెలిసేది, మనం బాడిగ కడుతున్నది ఇంటికా, పొయ్యికా అని!

ఈ మహాసత్యాన్ని కనిపెట్టినవాడు ముత్యాలప్ప. పెనుకొండలో ఒక ఆఫీసులో గుమాస్తా. కాపురం ధర్మవరంలో. 2001 ఎండాకాలంలో ఆయన ఒంటిమీద చెమటకాయలు లేని చోటు అరికాళ్లు ఒక్కటే. వీపుకు పౌడరు రాసీ రాసీ విసిగిపోయిన భార్య యశోద ఒకరోజు తేల్చి చెప్పింది.

"ఏమయ్యా, ఇంగ నా చేత కాదు. చల్లగుండే ఊరు చూస్తావా, నన్ను తలుపుల ఊళ్లో మా అమ్మ దగ్గర దిగబెట్టి వస్తావా?"

ముత్యాలప్పకు యశోద అంటే ప్రాణం. అందుకని శాస్త్రీయంగా ఆలోచించాడు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ ఒకే రైలు పట్టాల మీద ఉన్నాయి. ఏ ఊళ్లో పనిచెయ్యాలో ప్రభుత్వం చెబుతుంది. ఏ ఊళ్లో చెమట కార్చాలో కూడా అదే చెప్పాలా?

మొదట పెనుకొండను పరిశీలించాడు.

"రాజులే ఏరికోరి ఆడ ఉండిరి, యశోదా!"

"రాజులకు విసిరేదానికి అటొకరు ఇటొకరు నిలబడుకోని ఉండిరి. మనకెవరుండారు?"

పైగా అక్కడి కొండ పగలంతా ఎండ తాగి, సాయంత్రం తీరిగ్గా ఊరి మీదికి వదులుతుంది. పెనుకొండ దరఖాస్తు తిరస్కరించబడింది.

ఇక మిగిలింది హిందూపురం. బెంగుళూరు చల్లదనం సరిహద్దు దాటి, టిక్కెట్టు లేకుండా వచ్చి దిగే ఊరు! ధర్మవరంలో రైలెక్కి పేపరుతో విసురుకునేవాళ్లు, హిందూపురం వచ్చేసరికి అదే పేపరు చెవులకు చుట్టుకుంటారు. కావాలంటే వెళ్లి చూడండి.

ముత్యాలప్ప కోత వేళ చూసుకునే ఇళ్లు చూడబోయేవాడు. నడింట్లో నిలబడి ఊదుబత్తి వెలిగించేవాడు. పొగ నిటారుగా పైకి పోతే ఇల్లు ఫెయిలు, పక్కకు వాలితే పాసు. అలా పదకొండు ఇళ్లు ఫెయిలయ్యాయి. పన్నెండోది సైకిల్ షాపు నూరుల్లాది. అక్కడ పొగ గదిలో రెండు గిరికీలు కొట్టి కిటికీలోంచి పారిపోయింది. గోడమీది క్యాలెండరు మే నుంచి డిసెంబరుకు పోయింది. బాడిగ ఎంతంటే నూరుల్లా పక్కిళ్లలో సగం చెప్పి, ఎందుకో నేల చూపులు చూశాడు.

ముత్యాలప్ప ఆనందం పట్టలేక ఊదుబత్తితో మూలమూలా తిరుగుతుంటే పక్కింటి హనుమంతమ్మ గడప దగ్గరికొచ్చి తొంగిచూసింది. ఎవరో మంత్రాలు తెలిసినాయన అనుకుంది.

"ఈ ఇంట్లో గాలి ఉండాది, తెలుసునా నాయనా?"

"దానికోసమే కదమ్మా నేనొచ్చింది!"

"శానా ఉండాది. వచ్చినోళ్లు ఎవరూ నెల నిలవల్యా."

"వాళ్లకు చేతగాలేదు. నాకు ఎంతున్నా చాలదు!"

హనుమంతమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

మన వైపు గాలి రెండు రకాలని మీకు తెలుసు. ఒకటి ఒంటికి తగిలేది, రెండోది ఒంట్లో దూరేది. చెమటకాయలున్న మనిషికి మొదటిది తప్ప ఇంకేదీ గుర్తుకు రాదు. ముత్యాలప్ప ఆ వారమే సామాను దించేశాడు. వీధివీధంతా వచ్చి పరామర్శించింది.

"గాలి ఏమన్నా చేస్తాందా సార్?"

"బ్రహ్మాండం! ఆదివారం మధ్యాహ్నం కునుకు తీస్తాంటే, మీద కప్పుకున్న టవలు లాక్కోనిపోయి వంటింట్లో పడేసింది!"

అడిగినవాడు తెచ్చుకున్న సైకిలు అక్కడే వదిలి పరుగెత్తాడు.

ఆ వీధికి కొళాయి ఒక్కటే. దానికి నీళ్లు ఎనిమిది రోజులకొకసారి. యశోద బిందెలు తీసుకుని వెళ్లేసరికి ముందు అరవై బిందెలున్నాయి. ఆమెను చూస్తూనే "జరగండే, గాలింటామె వచ్చింది!" అని హనుమంతమ్మ కేక పెట్టింది. లైను రెండుగా చీలిపోయింది. యశోద ఆరు బిందెలు పట్టుకుని, సంగతేమిటని విచారించి, వణుకుతూ ఇంటికొచ్చింది.

"ఏమయ్యా! ఇది నువ్వనుకునే గాలి కాదంట! దెయ్యమంట! రేపే సామాను కట్టు!"

"దెయ్యమైనా చల్లగుండాది కదే," అన్నాడు ముత్యాలప్ప దీనంగా.

యశోద ట్రంకు పెట్టె మీద కూలబడింది. దెయ్యం ఉన్న మూల కోసం ఇల్లంతా కలియజూసింది. చూపు నిండు బిందెల దగ్గర ఆగింది.

"మళ్లా నీళ్లెప్పుడొస్తాయో కనుక్కోని రాపో," అంది.

తరువాతి వారం జుట్టు విరబోసుకుని వెళ్లి తొమ్మిది బిందెలు తెచ్చింది. పాపభీతితో నూరుల్లా తాయెత్తులు కట్టేవాణ్ని వెంటబెట్టుకొస్తే వాకిట్లోనే అడ్డం నిలబడింది.

"మా గాలి జోలికొస్తే బాగుండదన్నా!"

ఎన్నాళ్లు సాగుతుంది చెప్పండి? అవతల ఉన్నవాళ్లూ దాహమున్న మనుషులే కదా! రెండు నెలలకు హనుమంతమ్మ కొళాయి దగ్గర కళ్లు తేలేసి, "మా ఇంట్లోకీ వచ్చిందమ్మో!" అని ఊగింది. ఆ పై వారానికి పదకొండిళ్లకు వచ్చింది. దసరా నాటికి గాలి పట్టని ఇల్లు లేదు. ఎవరి గాలి సీనియరో తేలక బిందెలు సొట్టలు పోయాయి. చివరికి పెద్దమనుషులు కూర్చుని, గాలులన్నీ సమానమేనని, వచ్చిన వరసలోనే పట్టుకోవాలని తీర్పు చెప్పారు. యశోద మళ్లీ అరవై బిందెల వెనక నిలబడింది. ఈలోగా కొళాయి కూడా పదిహేను రోజులకొకసారికి మారింది.

అయ్యా, మంచి వాతావరణం చూసుకుని స్థిరపడాలనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే ఆ వీధిని నేను గట్టిగా సిఫారసు చేస్తున్నాను. చల్లటి ఊరు. ఏ ఇల్లు తీసుకున్నా గాలికి లోటు లేదు. నీళ్లు మాత్రం వచ్చేటప్పుడు మీరే తెచ్చుకోండి.