ప్రగతి సంఘం, మడతల విభాగం

మనిషి చదవడం నేర్చి వేల ఏళ్లయింది. చదివిందెంతో రోజూ పొద్దున తొమ్మిదింటికల్లా పదిమందికీ చెప్పి తీరాలన్న సంగతిని మాత్రం మొదట గ్రహించింది తమిళనాడులోని రాజపాళయం. అంతకుముందు లోకంలో ఎవరు ఏం చదివినా అది లెక్కలోకి రాదు. (ఈ మాట సంఘం నిబంధనల పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. నిబంధనల పుస్తకం చదివితే ఆ పేజీలు మన ఖాతాలో కలుస్తాయా అని ఒకరు అడిగారు. కలవవు.)

రాజపాళయం దినపఠన ప్రగతి సంఘాన్ని పెట్టినవాడు రామ్‌కుమార్. స్పిన్నింగ్ మిల్లులో షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా చేసి రిటైరైనవాడు. ఎంత నూలు దిగిందో గంటగంటకూ బోర్డు మీద రాయించిన మనిషి. అలాంటివాడికి, ఊళ్లో జనం పుస్తకం తెరిచి, ఎవరికీ లెక్క చెప్పకుండా, ఊరికే కూర్చుని చదువుకుంటున్నారని తెలిసింది. చాలాకాలం నిద్ర పట్టలేదు. ఆ నిద్రలేమిలోంచే సంఘం పుట్టింది.

నిబంధనలు కష్టమైనవేమీ కావు. ఏడాది మొదటిరోజున ప్రతి సభ్యుడూ ఇన్ని పుస్తకాలు చదువుతానని అందరి ముందూ సవాలు చేయాలి. రోజూ చదివిన పేజీ మీద బొటనవేలు ఆనించి, ఫొటో తీసి, వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. (వేలు లేని ఫొటోలో పుస్తకం దానంతటదే తెరుచుకుని ఉండవచ్చు.) చదవని రోజును ‘దారం తెగింది’ అంటారు. చదివి కూడా చెప్పని పేజీలను ‘వేస్ట్’ అంటారు. ప్రగతి ఉంటే పేరు పక్కన పై బాణం, లేకపోతే కింది బాణం.

సభ్యులు ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివేది తమిళం. ఇందులో వింతేమీ లేదు, తాతల నాటి ఏర్పాటు. సంఘం బీరువాలో తెలుగు పుస్తకం ఒక్కటే ఉంది. ఆ లిపి ఎవరికీ రాదు కాబట్టి పై అరలో పెట్టి సరస్వతి పూజకు బొట్టు పెడతారు. కిందటేడు ఒక సభ్యుడు దాన్ని రెండు రోజుల్లో ముగించానని రిపోర్టు పెట్టి వేగ బహుమతి అందుకున్నాడు. అందులో ఏముందని ఎవరూ అడగలేదు. ఎంత అనేది సంఘం పని. ఏమిటి అనేది సంఘం పని కాదు.

ఇంత చక్కగా నడుస్తున్న సంఘానికి తలనొప్పిగా తయారైన సభ్యురాలు జక్కమ్మ. ఒకరోజు ఆమె రెండువందల పన్నెండో పేజీ మీద వేలు పెట్టింది. మర్నాడు నూట తొంభై ఎనిమిదో పేజీ మీద పెట్టింది. సంఘం చరిత్రలో ఎవరూ వెనక్కి పోలేదు. అత్యవసర సమావేశం పిలిచారు.

“ఏందక్కా ఇది? లెక్క తప్పుగా పంపినావా?” అని రామ్‌కుమార్ అడిగాడు.

“లేదు తంబీ. కథలో ఆ ఇడం నచ్చినాది. మళ్లీ చదివినాను.”

“మిల్లులో దారం వెనక్కి పోతుందా అక్కా?”

“పోదు. దారాన్ని ఎవురన్నా నచ్చి మళ్లీ చూస్తారా తంబీ?”

దీనికి జవాబు నిబంధనల్లో లేదు. అందువల్ల ఆమె ఖాతాలోంచి ఆ పేజీలు తీసేసి, కింది బాణం వేసి, సమావేశం ముగించారు. ఆ రోజు నుంచి జక్కమ్మ పుస్తకాలు చదివింది గానీ రిపోర్టు పంపలేదు. అంటే, సంఘం కళ్లకు ఆమె చదవడం మానేసింది.

ఆమె రిపోర్టు పెట్టుకున్నది వేరేచోట. రాత్రి మొగుడు మురుగేశన్‌కు అన్నం వడ్డిస్తూ, ఆ రోజు చదివిన కథంతా చెప్పేది. మురుగేశన్ మామిడితోటలు గుత్తకు పట్టే మనిషి. మంసాపురం బడిలో ఎనిమిది దాకా చదివి, పుస్తకాలతో తన లావాదేవీ అక్కడితో తీరిపోయిందనుకున్నవాడు. ఆమె చెప్పేది, అతను ‘ఊ’ అనేవాడు. ఊ అనడానికి వినాల్సిన అవసరం లేదు. పెళ్లయిన మగవాళ్లకు ఈ విద్య ఎవరూ నేర్పకుండానే వస్తుంది.

జూలై చివర, తమిళుల ఆడి నెలలో, జక్కమ్మకు జ్వరం వచ్చింది. ఆసుపత్రికి తీసుకుపోయారు. మనిషి తిరిగి రాలేదు.

సంఘం గ్రూపులో ‘ఆమె ఆత్మకు శాంతి కలుగుగాక’ అని వచ్చింది. దాని కిందనే, వారంవారం తనంతట తానుగా వచ్చే సందేశం వచ్చింది: ‘జక్కమ్మ గారూ, మీరు మీ లక్ష్యానికి ఐదు పుస్తకాలు వెనకబడి ఉన్నారు. ప్రయత్నిస్తే సాధించగలరు.’ సభ్యులు రెండింటికీ దండం బొమ్మ పెట్టారు.

ఆమె చదువుతున్న నవల బియ్యం డబ్బా మీద ఉండిపోయింది. లావుపాటిది. జక్కమ్మకు ఒక అలవాటుండేది. చదవడం ఆపిన పేజీకి పైమూల మడిచేది. మర్నాడు ఆ మడత విప్పి, చదివినంత చదివి, ఇంకో పేజీ మడిచేది. ఇప్పుడా పుస్తకంలో మడత ఒక్కటే ఉంది. ఆమె ఎక్కడిదాకా వచ్చిందో చెప్పేది లోకంలో ఆ ఒక్క మూలే.

పదిహేనో రోజు కార్యం కాగానే సంఘం ప్రగతి అధికారిణి సుగంధి వచ్చింది. స్కూల్లో టీచరు. మంచి పిల్ల. సోఫా అంచున కూర్చుని కాసేపు కళ్లు తుడుచుకుంది. తర్వాత ఉద్యోగం గుర్తొచ్చింది.

“మామా, అత్త తీసుకున్న బుక్కు ఒకటి ఉండాది. పాండిసెల్వి అక్క క్యూలో ఉండాది.”

“ఇయ్యను,” అన్నాడు మురుగేశన్.

“ఎందుకు మామా?”

“చదవతా ఉండాను.”

ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా అది అబద్ధమే.

“సంగంలో లేనోళ్లు చదవకూడదు మామా.”

“అయితే చేర్చుకో.”

చేరే ఫారంలో ‘మీరు పుస్తకాలను ఎందుకు ప్రేమిస్తున్నారు?’ అన్న ప్రశ్నకు ఇచ్చిన చోటు చాలకపోతే వేరే కాగితం జతచేయవచ్చు. మురుగేశన్ దాన్ని ఖాళీగా వదిలేశాడు. ‘ఈ ఏడాది సవాలు: ఎన్ని పుస్తకాలు?’ అన్నచోట ఒకటి అని వేశాడు. రామ్‌కుమార్ ఫోన్ చేశాడు.

“బావా, ఒకటంటే అది సవాలు కాదు.”

“నాకు సవాలే.”

మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. ఎనిమిదో తరగతి చదువు, అదీ తుప్పు పట్టింది. పెదాలు కదుపుతూ, ఒక్కో వరుస కింద వేలు పెట్టుకుని చదివాడు. (ఫొటో కోసం వేలు వేరేగా పెట్టాల్సిన పని తప్పింది.) తన ఉద్దేశం ఎవరికీ చెప్పలేదు. ఆ మడత దగ్గరికి చేరుకోవాలి. ఆమె నిలిచిన వరుస దాకా చదివి, అక్కడ పుస్తకం మూసి, ఇచ్చేయాలి. ఆ తర్వాత కథలో వాళ్లు బతికితే ఏమి, చస్తే ఏమి?

ముందుకు తిప్పి మడత ఎక్కడుందో చూడలేదు. పేజీ నంబరూ చూడలేదు. ఆమె ముందు నడుస్తుంటే వెనక రావడమే గానీ, పరిగెత్తి ముందుకెళ్లి మొహం చూసి రావడం అతనికి తప్పుగా తోచింది. తన గుర్తుకు తళవాయిపురం బస్సు టికెట్టు పెట్టుకున్నాడు. పుస్తకం మూస్తే, పైఅంచున మడత ఉన్నచోట చిన్న నొక్కు కనిపించేది. టికెట్టుకూ నొక్కుకూ మధ్య మొదట రెండు వేళ్ల మందం ఉండేది. దీపావళికి ఒక వేలు. మార్గళి, అంటే ధనుర్మాసం, వచ్చేసరికి గోరంత.

అతని రిపోర్టులు ‘మూడు పేజీలు’, ‘నాలుగు పేజీలు’ అని వెళ్లేవి. ప్రతిదానికీ కింది బాణం వచ్చేది.

మార్గళిలోనే సంఘం ఏడాది తనిఖీ. పుస్తకాలన్నీ కల్యాణమండపం భోజనాల హాలుకు తీసుకురావాలని సర్క్యులర్ వచ్చింది. ఈ ఏడు కొత్తగా మడతల విభాగం కూడా ఏర్పాటైనట్టు అందులో సంతోషంతో తెలియజేశారు. మూల మడవడం పుస్తకానికి చేసే గాయమని సంఘం తీర్మానించింది. విభాగానికి ఒక టేబులు, ఒక ఇస్త్రీపెట్టె, సత్రపట్టి మగ్గాల నుంచి తెప్పించిన బ్యాండేజీ గుడ్డ మంజూరు చేశారు. గుడ్డను తడిపి మూల మీద పరిచి ఇస్త్రీ చేస్తే, మడత పోతుంది. గాయానికి కట్టే గుడ్డే కాబట్టి ఇందులో ఎవరికీ తప్పు కనిపించలేదు.

మురుగేశన్ సర్క్యులర్‌లో తేదీ, చోటు చూశాడు. మిగతాది చూడలేదు. అతని మనసంతా ఒకటే. గోరంత మిగిలి ఉంది. ఈలోగా పుస్తకం లాక్కుంటారేమో.

హాలులో, సాంబారు గంగాళాలు బోర్లించిన బల్ల వెనక రామ్‌కుమార్ కూర్చుని ఉన్నాడు.

“బావా, నువ్వు ఒక్క బుక్కును ఇన్ని నెలలు పెట్టుకోనుండావు. పాండిసెల్వి కాసుకోనుండాది.”

“ఇంకొంచెం ఉండాది.”

“ఎంత?”

మురుగేశన్ గోరు చూపించాడు.

“గోరంత అని రాసేదానికి కాలమ్ లేదు బావా. కడాపేజీ నంబరు చూసి చెప్పు.”

“కడాదాకా నాకొద్దు. ఆమె నిలిపిన ఇడం దాకా చాలు.”

రామ్‌కుమార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. సాయం చేద్దామనే అడిగాడు.

“అక్క నీకు దినమూ కథ చెప్తా ఉండిందంట కదా. ఏడదాకా చెప్పినాదో యోచన చేసి చూడు. ఆడిదాకా ఈడనే కూసోని చదివేసి ఇచ్చేయొచ్చు.”

మురుగేశన్ బల్ల వైపు చూశాడు. ఊ అని తప్పించుకోవడానికి వీల్లేని ప్రశ్న అది.

క్యూలో ఉన్న పాండిసెల్వి లేచింది. బజారులో కుట్టుషాపు ఆమెది. “విడువన్నా, ఆయన్నే పెట్టుకోనీ. నా ఇంటిలో నాలుగు బుక్కులుండాయి. అవే ఇంకా తెరవలేదు.”

(ఆ నాలుగు పుస్తకాలూ ఆమె పూర్తి చేసినట్టు పట్టికలో పై బాణంతో ఉంది. రామ్‌కుమార్ ఆ మాట వినిపించనట్టు దగ్గాడు.)

తర్వాత, ఎవరూ ఊహించనిది జరిగింది. నిబంధనలు రాసిన చేత్తోనే రామ్‌కుమార్ నిబంధన పక్కన పెట్టాడు. సంక్రాంతి దాటాక వచ్చే తైపూసం పండగ దాకా గడువు ఇస్తున్నట్టు ప్రకటించాడు. సంఘంలో ఇలాంటిది ఇదే మొదటిసారి. లేచి వచ్చి మురుగేశన్ చెయ్యి పట్టుకున్నాడు.

“నిదానంగా చదువుకో బావా.”

జనం చప్పట్లు కొట్టారు. జక్కమ్మ పోయినప్పటి నుంచీ మురుగేశన్‌కు ఎవరి మీదా మంచి మాట రాలేదు. ఆ క్షణాన మాత్రం, ఈ సంఘంలో ఉన్నవాళ్లూ మనుషులేనేమో అని అనుమానం వచ్చింది.

గడువు ఫారం మూడు ప్రతుల్లో నింపాలి. అతను ఒక్కో అక్షరం దిద్దుతూ నింపుతుండగా, గడువు ముద్ర వేయడానికి పుస్తకాన్ని సుగంధి తీసుకుపోయింది. లోపమున్న పుస్తకం మీద ముద్ర వేయకూడదు. ముందు లోపం సరిచేయాలి. మడతల విభాగం దగ్గర ఆరుగురు వరుసలో ఉన్నారు. పెద్దాయనను నిలబెట్టడం ఎందుకని సుగంధి అతని పుస్తకాన్నే ముందు తీసుకుంది. గుడ్డ తడిపి, పిండి, పరిచి, చాలా జాగ్రత్తగా చేసింది.

“చూడు మామా,” అంటూ తెచ్చి చేతిలో పెట్టింది. “కొత్త బుక్కు మాదిరి అయిపాయ.”

పుస్తకం వెచ్చగా ఉంది. జ్వరం వచ్చిన ఒంటిలా ఉంది.

మురుగేశన్ పైఅంచు చూశాడు. గోడలా తిన్నగా ఉంది. మొదటిసారి ముందుకు తిప్పాడు. జక్కమ్మకు ముందు ఆ పుస్తకం పదిమంది చేతుల్లో తిరిగింది. అందరూ మడిచినవాళ్లే. ప్రతి నాలుగైదు పేజీలకూ మూలన సన్నగీత, చివరి పేజీల దాకా. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

“ఏ పేజీది?”

“ఏది మామా?”

“మడత.”

“చూడలేదే మామా.” సుగంధి నవ్వింది. “అట్లా కనపడకుండా చేసేదే కదా మా పని.”

రామ్‌కుమార్ వంగి చూసి మెచ్చుకున్నాడు. “మంచి పని. ఇంక నిమ్మళంగా చదువుకో బావా.”

“ఊ,” అన్నాడు మురుగేశన్.

మూడో ప్రతి అతనికి ఇచ్చారు. ‘పుస్తకం స్థితి’ అన్నచోట ‘నష్టం లేదు’ అని రాసి ఉంది.

ఇంటికి వచ్చాక చాలాసేపు పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చదవకుండా ఆపేస్తే ఆమెకు ఇవతలే ఉండిపోవచ్చు. చదివితే ఆమెను దాటిపోవచ్చు. దీనికీ నిబంధనల్లో జవాబు లేదు. తెల్లారింది. తొమ్మిది కావస్తోంది. గ్రూపులో వేళ్లు కనిపించడం మొదలైంది.

చదివాడు. ఆ రోజు నాలుగు పేజీలు, మర్నాడు మూడు. ప్రతి వరుస దగ్గరా ఆగి, ఇదేనా, ఇదేనా అని చూశాడు. గోరంత మందం గడిచిపోయింది. ఆమెను ఏ రోజు దాటిపోయాడో అతనికి తెలియదు.

పుస్తకం గడువులోగా ముగిసినందుకు సంఘం ఆ నెల పట్టికలో మురుగేశన్ పేరు పక్కన మొదటిసారి పై బాణం వేసింది. ప్రగతి: సంతృప్తికరం.