అత్తగారికి ర్యాంపు, అల్లుడికి రంపం

శనివారం ఉదయం రేఖాగణితం మాస్టారి పథకమంతా ఒక చిన్న కాగితంలో సరిపోయింది. ఎనిమిదింటికి మిషను ఆన్ చేయడం, పదింటికి పలకలు కోయడం, పన్నెండింటికి మేకులు కొట్టడం, ఒంటిగంటకి స్నానం, నాలుగింటికి అత్తగారు. కాగితాన్ని గ్యారేజీ గోడకి అంటించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, వంకరగా ఉందని తీసి మళ్లీ అంటించారు. అప్పటికే ఎనిమిదిన్నర.

అత్తగారు జారిపడి కాలు విరగ్గొట్టుకుని మూడు వారాలుగా ఆసుపత్రిలో ఉన్నారు. ఆ సాయంత్రం చక్రాల కుర్చీలో ఇంటికి పంపుతున్నారు. ఇంకో నెల దాకా కాలు నేలకి ఆనించకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంటి గుమ్మానికేమో రెండు మెట్లున్నాయి. వాటి మీదుగా కుర్చీ వెళ్లాలంటే చెక్క ర్యాంపు కావాలి. వీధి చివర వడ్రంగికి చెబితే ఒక పూటలో చేసిస్తాడని భార్య నాలుగుసార్లు చెప్పింది.

"మీరు చెయ్యలేరని కాదండీ," అంది ఐదోసారి. "అమ్మ వచ్చేలోపు చెయ్యలేరని."

మాస్టారికి పౌరుషం పొడుచుకొచ్చింది. దానికి పాత కారణమొకటి ఉంది. అత్తగారి వాళ్లకి ఒకప్పుడు కోత మిల్లు ఉండేది. పెళ్లైన కొత్తలో వాళ్లింట్లో ఫోటో తగిలించబోయి ఈయన మేకుకి బదులు వేలిని కొట్టుకున్నారు. అత్తగారు ఏమీ అనలేదు. వేలికి గుడ్డ చుట్టి, మేకు తనే కొట్టి, వంటింట్లోకి వెళ్లిపోయారు. ఆవిడ ఏమీ అనకపోవడం ఇరవై రెండేళ్లుగా మాస్టారిని తొలుస్తూనే ఉంది. తను కట్టిన ర్యాంపు మీదుగా వెళ్తూ ఒక్కసారి "బాగుంది" అంటే చాలు, ఆయన జన్మ ధన్యమైపోతుంది.

అందుకని మూతపడిన ఫర్నిచర్ షాపులోంచి, వయసులో తనకంటే పెద్దదైన రంపం బల్ల ఒకటి కొనుక్కొచ్చారు. పోత ఇనుప బల్ల, దాని మధ్యలో చీలిక, ఆ చీలికలోంచి పైకి తేలే పళ్ల చక్రం, కింద మోటారు. దాన్ని దించడానికి నలుగురు కావలసి వచ్చారు. భాగాలన్నీ విడదీసి, తుప్పు గీకి, నూనె పట్టించి, తిరిగి బిగించడానికి పదహారు రోజులు పట్టింది. పదిహేడో రోజే ఈ శనివారం. ఆయన గురించి ఇంత చనువుగా రాయడానికి నాకేం అధికారం ఉందంటే, ఆయన చొక్కాలు నాకు సరిగ్గా సరిపోతాయి.

మొదట బల్ల మీద రసమట్టం పెట్టి చూశారు. బుడగ మధ్యలో నిలవలేదు. గ్యారేజీ నేల వీధి వైపుకి వాలుంది. ర్యాంపు కోసం తెచ్చిన ఆరు పలకల్లో ఒకదాన్ని చేతిరంపంతో బిళ్లలుగా కోసి, మిషను కాళ్ల కింద పెట్టి, బుడగని సరిగ్గా నడిమధ్యకి తెచ్చారు. కోత పావుగంటలో అయిపోయింది. చేతిరంపంతో ఇంత చక్కగా కోయగలిగినవాడికి మిషనెందుకన్న ప్రశ్న ఆయనకి తట్టలేదు. భార్యకి తట్టింది గానీ, ఆవిడ కాపురం చెయ్యాలనుకునే మనిషి.

పదిన్నరకి మిషను ఆన్ చేసి పలకని ముందుకి తోశారు. జానెడు వెళ్లి అది మొండికేసింది. కోసినచోట చెక్క నల్లగా మాడి, గ్యారేజీ నిండా పొగ కమ్మింది.

మాస్టారు కంగారుపడలేదు. పలకని ఆనించే పట్టీకీ చక్రానికీ మధ్య దూరం రెండు చివరలా సమానంగా లేదేమోనని కొలతబద్దతో కొలిచి, మూలమట్టంతో సరిచూసి, గంటన్నర తర్వాత మళ్లీ తోశారు. ఈసారి పొగ నిలువుగా లేచింది. అయితే పళ్లు మొద్దుబారి ఉంటాయని చక్రం విప్పి, స్కూటరు మీద సానపట్టేవాడి దగ్గరికి పరుగెత్తారు. అతను బొటనవేలితో తడిమి చూసి చక్రం తిరిగిచ్చేశాడు.

"పళ్లకేం సార్, పులి పళ్లలా ఉన్నాయి. నేను ముట్టుకుంటే పాడవుతాయి."

పళ్లు బాగున్నాయంటే తప్పు మోటారుదే అయ్యుండాలి. చక్రం మళ్లీ బిగించి, మోటారు బెల్టు పట్టుగా లాగారు. మోటారు ఒక్క మూలుగు మూలిగింది, ఇంట్లో ఫ్యూజు ఎగిరింది. లోపల బట్టలతో సహా వాషింగ్ మిషను ఆగిపోయింది. అందులో అత్తగారి మంచానికి వేయాల్సిన దుప్పట్లున్నాయి.

"ఏమండీ, వడ్రంగిని పిలవనా?" అని వంటింట్లోంచి వినిపించింది.

"అరగంట," అన్నారు మాస్టారు. పొద్దుటి నుంచి అన్నిటికీ అరగంటే చెబుతున్నారు.

ఫ్యూజు వేసి, బెల్టు కాస్త వదులుచేసి, ఈసారి బలమంతా పెట్టి పలకని తోశారు. పొగ కిటికీలోంచి పక్కింటికి వెళ్లింది. పక్కింట్లో ఉండేది రిటైరైన బస్సు కండక్టరు. "జరగండి, జరగండి," అంటూ ఆయన బకెట్టుతో పరుగెత్తుకొచ్చి, మంట ఎక్కడుందో చూడకుండానే నీళ్లు విసిరారు. మిషను తప్పించుకుంది. మిగిలిన నాలుగు పలకలూ, మాస్టారూ తడిసి ముద్దయ్యారు.

తడి చెక్క మేకు పట్టదు కాబట్టి పలకల్ని ఎండలో ఉన్న కారు పైన పరిచారు. గాలికి పడిపోకుండా తాడు కిటికీల్లోంచి దూర్చి, కారు చుట్టూ తిప్పి, నాలుగు ముళ్లు వేసి మరీ బిగించారు. అమ్మని తీసుకురావడానికి భార్య మూడింటికి బయటికొచ్చి తలుపు లాగింది. ఏ తలుపూ తెరుచుకోలేదు. తడి చేతులతో వేసిన ముళ్లేమో ఎండకి బిగుసుకుపోయి ఊడిరాలేదు. ఆవిడ కారునీ మాస్టారినీ ఒకసారి చూసి, కిమ్మనకుండా వీధి చివరికి నడిచి టాక్సీ ఎక్కింది. తల్లీకూతుళ్లది ఒకే పద్ధతి.

నాలుగింటికి టాక్సీ వచ్చి ఆగింది. చక్రాల కుర్చీ మెట్ల ముందు నిలబడింది. ర్యాంపు ఇంకా కారు మీద ఆరుతోంది.

"మనిద్దరం ఎత్తేద్దాం మాస్టారూ," అన్నారు కండక్టరు చేతులు చాపి.

"నన్నెవరూ ఎత్తక్కర్లేదు," అన్నారు అత్తగారు. "ఎండగా ఉంది. అదిగో, ఆ షెడ్డులో నీడకి తొయ్యండి చాలు."

అలా అత్తగారూ రంపం బల్లా ఎదురెదురుగా వచ్చారు. ఆవిడ దాన్ని చాలాసేపు చూశారు. మాస్టారికి అక్కణ్ణుంచి ఎటైనా పారిపోవాలనిపించింది. ఇంటికొచ్చిన పెద్దావిడని వీధి గ్యారేజీలో కూర్చోబెట్టానే అని సిగ్గుతో చచ్చిపోయారు.

"ఏదీ, ఆన్ చెయ్యండి అల్లుడుగారూ."

ఆన్ చేశారు. సగం కోసిన పలక తోశారు. పొగ వచ్చింది.

"ఆపండి. ప్లగ్గు పీకండి. పీకారా? ఇప్పుడు వంగి చూడండి, పళ్లు ఎటు చూస్తున్నాయి?"

వంగి చూశారు. చెక్కకి ఎదురు రావలసిన పళ్లు అటువైపు తిరిగి ఉన్నాయి. చక్రం పొద్దుటి నుంచీ పళ్ల వీపులతో చెక్కని రుద్దుతోంది. వెంట్రుకంత తేడా కూడా లేకుండా అన్నీ కొలిచిన మాస్టారు దీన్ని మాత్రం చూడలేదు.

"తిరగేసి బిగించారేం?"

మాస్టారు చక్రాన్ని వేలితో చూపించారు. "అటువైపు... బాగా మెరుస్తోందండీ. మెరిసే వైపు బయటికి కనబడితే బాగుంటుందని..."

కండక్టరు దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నారు. అత్తగారు మాత్రం నవ్వలేదు.

చక్రం తిరగేసి బిగించడానికి ఐదు నిమిషాలు పట్టింది. పలక పెట్టగానే పొగ లేకుండా, గొణుగుడు లేకుండా రెండుగా విడిపోయింది. అప్పటి నుంచి అత్తగారు కుర్చీలోంచి వేలు చూపించడం, మాస్టారు తోయడం, కండక్టరు అవతలి నుంచి పట్టుకోవడం.

"మీరు మిల్లులో బిల్లులు రాసేవారనుకున్నానండీ," అన్నారు మాస్టారు మధ్యలో.

"బిల్లులు మీ మావగారు రాసేవారు. కోత నాది. ఊఁ, వేళ్లు దూరం పెట్టండి."

తాడు కోసి కారు మీంచి దించిన పలకల్లో మూడింటితోనే పని అయిపోయింది. ఆరెందుకు కొన్నారని ఆవిడ అడిగారు. ర్యాంపు వాలుకి త్రిభుజం గీసి కర్ణం లెక్క కట్టి కొన్నానని మాస్టారు చెప్పలేకపోయారు. ఆరు కొట్టేసరికి ర్యాంపు మెట్లకి ఆనుకుని సిద్ధంగా ఉంది. అప్పుడు అత్తగారు రసమట్టం అడిగి తీసుకుని, మిషను మీద నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టి చూశారు.

"బల్ల మాత్రం బాగా నిలబెట్టారు అల్లుడుగారూ. మా మిల్లులో కూడా ఇంత మట్టంగా ఉండేది కాదు."

మాస్టారికి కళ్లు చెమర్చాయి. రంపం పొట్టు పడిందని చెప్పుకునే వీలున్నా చెప్పుకోలేదు. ఇరవై రెండేళ్లు ఎదురుచూసిన మాట. ఆయన సంతోషం పట్టలేకపోయారు.

ఈలోగా కండక్టరు తమ ఇంటి నుంచి మూసుకోని తలుపొకటి పట్టుకొచ్చారు. ఎదురింటావిడ కుంటి స్టూలు తెచ్చింది. ఇంట్లో దుప్పట్లు ఆరి మంచం సిద్ధమైందని కూతురు వచ్చి పిలిస్తే, "ఈ ఒక్క తలుపూ చూసి వస్తానే," అన్నారు అత్తగారు, కళ్లజోడు సర్దుకుంటూ. ఎనిమిదిన్నరకి కూడా అదే మాట అన్నారు.

ఆ ర్యాంపు మీద మొట్టమొదట నడిచింది మాస్టారే, అత్తగారి భోజనం పళ్లెం గ్యారేజీకి తెస్తూ.