పార్కింగులో కృష్ణానది

జ్ఞానప్రకాశం బాల్కనీలో బట్టల దండెం బిగిస్తున్నాడు. అతను వేస్తున్నది మామూలు ముడి కాదు. నరసాపురం రేవులో అతని తాత లాంచీకి వేసిన ముడి. ఎంత గాలి వీచినా జారదు, కొస పట్టుకుని లాగితే మాత్రం ఇట్టే విడిపోతుంది.

"దండేనికి అంత ముడి ఎందుకండీ? ఉతికిన బట్టలేమైనా గోదాట్లో కొట్టుకుపోతాయా?" అంది సారమ్మ, తడి తువ్వాలు దులుపుతూ.

"కట్టడమంటూ మొదలెడితే తువ్వాలైనా ఒకటే, పడవైనా ఒకటే సారమ్మా."

అతని మనసంతా పడవ మీదే ఉంది. మర్నాడు తెల్లవారగానే రెండు కుటుంబాలూ నాగార్జునసాగర్ వెళ్తున్నాయి. ఎదురు ఫ్లాటు బాలనర్సయ్యది నల్గొండ జిల్లా. ఆఫీసులకు బస్సులు తిప్పుతాడు. అతని బామ్మర్దికి సాగర్‌లో మోటారు పడవ ఉంది. పగలంతా నీళ్ళ మీద తిరిగి, రాత్రికి పడవలోనే పడుకోవాలని ఏర్పాటు. నడపడం బామ్మర్ది వంతు. రాత్రికి ఏ ఒడ్డున కట్టాలో చెప్పడం జ్ఞానప్రకాశం వంతు. గచ్చిబౌలిలో ఓ సాఫ్ట్‌వేర్ ఆఫీసుకి లిఫ్టులూ ఏసీలూ చూసుకుంటూ పాతికేళ్ళుగా పడవ తాడు ముట్టని మనిషికి, ఇన్నాళ్ళకి ఒక పడవ తన మాట కోసం ఆగబోతోంది. ఆ గర్వంతో అతనికి రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు.

చోటు అందరికీ అర్థమయ్యేలా చూపించాలనుకున్నాడు. కిందికి దిగి, వాచ్‌మన్ ఎల్లయ్య భార్య లచ్చమ్మ దగ్గర ముగ్గుపిండి అడిగి తీసుకుని, పార్కింగు నడిమధ్యన కృష్ణానది గీశాడు. గేటు వైపు ఒడ్డున 'నల్గొండ' అనీ, నీళ్ళ సంపు వైపు ఒడ్డున 'గుంటూరు' అనీ రాశాడు. నైరుతి గాలి రోజులు కాబట్టి దక్షిణపు ఒడ్డున గుట్ట చాటే క్షేమమని తేల్చుకుని, సంపు పక్కన ఒక ఇటుకరాయి పెట్టాడు. అదే పడవ. తర్వాత కాఫీకని పైకి వెళ్ళాడు.

అవి రాష్ట్రం రెండవుతుందని ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చిన కొత్తరోజులు. ఎల్లయ్య వచ్చి గీత చూశాడు, రాత చూశాడు. చీపురు గోడకి ఆనించి కేకేశాడు.

"కనకలక్ష్మమ్మా! మీ స్కూటీ జర అవుతలికి తీస్కపోండ్రి. సార్లు జాగ పంచిన్రు."

కనకలక్ష్మిది భీమవరం. "రాత్రికి రాత్రే పంచేశారా? మాతో ఒక్క మాటైనా చెప్పక్కర్లేదా అండీ?" అంటూనే స్కూటీ తీసి సంపు వైపు నెట్టింది. సంపు పక్కన కారు పెట్టుకునే కుమార్‌ది కరీంనగర్. అతను పౌరుషంగా కారు తీసి గేటు వైపుకి తిప్పాడు. రెండూ సరిగ్గా నది మధ్యలో ఎదురుపడి ఆగిపోయాయి. రాష్ట్రాన్నే పంచుతుంటే పార్కింగును పంచడంలో వింతేమీ ఎవరికీ కనిపించలేదు.

"సంపు అటు దిక్కు పోతె మాకు నీళ్ళెట్ల?" అన్నాడు కుమార్.

"గేటు మీవైపు ఉంచుకుని నీళ్ళు కూడా మీకే కావాలా?" అంది కనకలక్ష్మి.

వాకింగు నుంచి అప్పుడే వచ్చిన అపార్ట్‌మెంటు సెక్రటరీ విశ్వేశ్వరరావు రెండు చేతులూ పైకెత్తాడు. "ఎవరూ తొందరపడకండి. కమిటీ వేద్దాం. అంతవరకూ లిఫ్టు ఉమ్మడి."

"ఎన్నేండ్లు?" అన్నాడు ఎల్లయ్య ఆందోళనగా.

ఈ గోలకి బాలనర్సయ్య దిగివచ్చాడు. నది గీసింది ఎవరో, ఎందుకో అతనికి చూడగానే తెలిసిపోయింది. కానీ చూపు ఇటుకరాయి మీద పడేసరికి ముఖం మాడిపోయింది. అదే సమయానికి జ్ఞానప్రకాశం మెట్లు దిగుతున్నాడు.

"ఏందన్నా గిది? పడవ మా బామ్మర్దిది, డీజిల్ మాది. కట్టేది మాత్రం మీ ఒడ్డుకా?"

"ఒడ్డు సంగతి కాదు నర్సయ్యా, గాలి సంగతి."

"గాలి గూడ మీదేనా ఇగ? ఫికర్ వద్దు. బామ్మర్దికి ఫోన్ కొడ్త. పడవ వద్దంట, ఏదీ వద్దంట." అంటూ జేబులోంచి ఫోను తీశాడు.

జ్ఞానప్రకాశం గబగబా వచ్చి అతని చేయి పట్టుకున్నాడు. తల పైకెత్తి తన బాల్కనీ వైపు వేలు చూపించాడు.

"అదిగో, దండెం మీద తువ్వాలు చూడు. ఎటు ఎగురుతోంది? గేటు వైపు. మీ ఒడ్డున కట్టామనుకో, ఇదే గాలి రాత్రంతా పడవని బండలకేసి కొడుతుంది. అందులో పడుకునేది మన పిల్లలయ్యా! నీ ప్రవళిక, నా బ్లెస్సీ."

బాలనర్సయ్య తువ్వాలు వంక చూశాడు. అతన్ని చూసి పార్కింగంతా తలలెత్తింది. గీసింది సాగర్ షికారు కోసమని అప్పటికిగాని మిగతావాళ్ళెవరికీ తెలియలేదు. కుమార్ కారు వెనక్కి తీశాడు. విశ్వేశ్వరరావు కమిటీని రద్దు చేశాడు. లచ్చమ్మ గొణుక్కుంటూ ఒక బకెట్టు నీళ్ళు కుమ్మరించి రెండు ఒడ్లనీ కడిగేసింది.

"పడవ దగ్గర నువ్వే పెద్దమనిషివి అన్నా," అన్నాడు బాలనర్సయ్య ఫోను జేబులో పెట్టుకుంటూ. ఆ మాటకి జ్ఞానప్రకాశం ఛాతీ తెరచాపలా పొంగింది. లిఫ్టు ఉమ్మడిదే అయినా మెట్లెక్కే పైకి వెళ్ళాడు.

మర్నాడు తెల్లవారుతూనే బాలనర్సయ్య సంచీతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "పోదామా అన్నా? గుంటూరు ఒడ్డుకే కట్టమని బామ్మర్దికి చెప్పిన."

జ్ఞానప్రకాశం బాల్కనీలోంచి నసుగుతూ వచ్చాడు. "అల్పపీడనమట. రాత్రి గాలి తిరిగింది నర్సయ్యా. ఇవాళ నీ నల్గొండ ఒడ్డే మేలు."

"అట్లెట్లయితది? నిన్న అందరి ముంగట ఒప్పుకున్న. ఇయ్యాల మా ఒడ్డుకు కడితె నీ పరువు ఏం గావాలె? మీ దిక్కే కట్టు."

"నా పరువుకేం? నీ ఒడ్డే."

"నీ ఒడ్డే అన్నా! మాట తప్పేటోన్ని గాదు."

"గాలికి మాటేమిటయ్యా? నల్గొండే!"

గొంతులు లేచాయి. కనకలక్ష్మి తలుపు తెరుచుకుంది. కింద ఎల్లయ్య మళ్ళీ చీపురు గోడకి ఆనించాడు.

వంటింట్లోంచి సారమ్మ పులిహోర క్యారియర్‌తో వచ్చింది. ఒకరి తర్వాత ఒకరిని ఇద్దరినీ చూసింది. బాల్కనీలోకి వెళ్ళి, ముడి కొస లాగి దండెం విప్పి, తాడు చుట్టి సంచీలో పడేసింది. తువ్వాలు భుజాన వేసుకుని, గడప దాటి మెట్లు దిగింది.

ఆ తర్వాత గాలి ఎటు వీస్తోందో చెప్పే ఆధారం ఆ ఇంట్లో లేకుండా పోయింది.