నలభై వేల ఈగల హామీ

ఒక పెద్ద అడవిలో తేనె తక్కువ, తేనె కంపెనీలు ఎక్కువ.

వాటిలో ఒకటి వాలేశ్వరరావుది. వాలేశ్వరరావు కొండముచ్చు. మద్దిచెట్టు తొర్రలో ఒక తేనెపట్టు, దాని పై కొమ్మ మీద తను. అదే కంపెనీ.

సూదమ్మ ముళ్లపంది. ముగ్గురు పిల్లలు. ఆమెకున్నదల్లా గుట్ట కింద ఒక బొరియ. ఎంత వానొచ్చినా లోపలికి చుక్క దిగదు.

"ఇంకా ఎన్నాళ్లమ్మా ఈ దుంపలు తవ్వుకోవడం?" అన్నాడు వాలేశ్వరరావు ఒకరోజు. "పట్టులో ముప్పాతిక వాటా నీ పేర రాసేస్తాను. బొరియ నాకిచ్చెయ్. నీ పిల్లలు కూర్చుని తేనె నాకుతారు."

"చెట్టు మీద ఉండేవారు. బొరియ మీకెందుకన్నయ్యా?"

"కంపెనీ అన్నాక ఒక ఆఫీసుండాలి కదమ్మా!"

సూదమ్మ ఊరికే నమ్మలేదు. వెళ్లి మద్దిచెట్టుకి చెవి ఆనించింది. లోపల ఝుమ్మని ఒకటే మోత.

"ఎన్ని ఈగలు?"

"నలభై వేలు. మూడు షిఫ్టులు."

ఒప్పందం టేకాకు మీద రాసుకున్నారు. ఆ అడవిలో దస్తావేజులన్నీ టేకాకు మీదే. గరుకు కాబట్టి ఎవరూ తినరు. ప్లీడరు ఉడుము గొంతు సవరించుకుని చదివాడు.

"అమ్మువానికి తెలిసినంతవరకు పట్టునందు నలభై వేల ఈగలు ఉన్నవి. లేనియెడల బొరియ తిరిగి ఇవ్వవలెను."

"తెలిసినంతవరకు అంటే?" అంది సూదమ్మ.

"అదా? మర్యాద కోసం రాస్తారమ్మా. శుభలేఖలో 'సపరివార సమేతంగా' అని వేయించమూ? అలాంటిదే," అన్నాడు ఉడుము.

సూదమ్మ ఒక ముల్లు పీకి సంతకం గుచ్చింది. ఆకు ప్లీడరు దగ్గర దాచారు. ఆమె పిల్లల్ని తీసుకుని మద్దిచెట్టు కిందికి మారింది.

నాలుగో రోజు మోత ఆగిపోయింది.

సూదమ్మ తొర్రలోకి మూతి పెట్టి చూసింది. ఎండిపోయిన పట్టు. పక్కన ఒకే ఒక్క తుమ్మెద, మూటా ముల్లే సర్దుకుంటోంది.

"ఈగలేవి?"

"ఈగలా? పోయినేడే వెళ్లిపోయాయండీ. నేను రావుగారి బావమరిదిని."

కొండముచ్చుకి తుమ్మెద ఎలా బావమరిదో అడిగే ఓపిక ఆమెకు లేదు.

"మరి ఆ మోత?"

"నాదే. మూడు రోజులకని మాట్లాడుకున్నాం. గొంతు పోయింది చూడండి."

పడమట మబ్బు పట్టింది. పిల్లల ముళ్లు ఇంకా మెత్తగానే ఉన్నాయి. వానకి ఆగవు, నక్కకి అసలే ఆగవు. సూదమ్మ కేసు వేసింది.

జడ్జిగారు అడవిదున్న. పొద్దస్తమానం నెమరు వేస్తూనే ఉంటారు. ఎవరేం చెప్పినా దవడ ఆగదు. ఎదురుగా ఒక బండరాయి, దాని మీద దస్తావేజులు పెడతారు. చదివి వినిపించడానికి గుమాస్తా గోరింక.

వాలేశ్వరరావు ఆలస్యంగా వచ్చాడు. ఆఫీసులో తోక ఇరుక్కుందిట.

"ఏమయ్యా, పట్టులో ఈగలు లేవని నీకు తెలుసా?" అన్నారు జడ్జిగారు నములుతూ.

"తెలీదు, యువరానర్. తెలుసుకోకుండా ఉండటానికి ఎంత జాగ్రత్త పడ్డాననుకున్నారు! ఆ తొర్ర దగ్గరికి వెళ్లినప్పుడల్లా గట్టిగా కళ్లు మూసుకునే వెళ్లాను. రెండుసార్లు కొమ్మ తప్పి కింద పడ్డాను కూడా. ఇదుగో బొప్పి."

ఉడుము ముందుకొచ్చాడు. "బొప్పిని గమనించాలి, యువరానర్. నా క్లయింటు ఎంత నిజాయితీగా తెలుసుకోలేదో ఆ బొప్పే చెబుతోంది."

జడ్జిగారు బొప్పిని గమనించారు. "బొప్పి నిజమే."

తుమ్మెదని పిలిచారు.

"తొర్రలో ఎంతమంది పనిచేశారు?"

"నేనొక్కణ్ణేనండీ. కానీ నలభై వేల మంది పెట్టు చేశాను."

కోర్టులో కొందరు చప్పట్లు కొట్టారు. సూదమ్మ కొట్టలేదు. మబ్బు వంక చూసింది.

"అసలు ఒప్పందం ఏదీ?" అన్నారు జడ్జిగారు.

ఉడుము ఆకు తీసి బండ మీద పరిచాడు. అంతకు ముందు రోజే ప్లీడరూ క్లయింటూ కలిసి వాగు పక్క ఉప్పునేల మీద ఆ ఆకుని అటూ ఇటూ బాగా రుద్దారు. దున్నకి ఉప్పంటే ప్రాణం. కొండముచ్చుకి తన బొప్పి మీద పూర్తి నమ్మకం లేదు.

జడ్జిగారి ముక్కు అదిరింది. నాలుక బయటికొచ్చింది. ఆకు లోపలికి వెళ్లింది.

"యువరానర్!" అని అరిచింది గోరింక. "అది ఒప్పందం!"

"ఏదీ?"

"మీరు మింగింది."

"టేకాకు ఇంత బాగుంటుందని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదే!" అన్నారు జడ్జిగారు.

వాలేశ్వరరావు గాల్లోకి ఎగిరాడు. "కాగితమే లేదు, యువరానర్! కాగితం లేకపోతే ఒప్పందం లేదు. ఒప్పందం లేకపోతే హామీ లేదు. అసలీవిడెవరో కూడా నాకు తెలీదు. కేసు కొట్టెయ్యండి."

సూదమ్మ అతని వైపు తిరిగింది.

"అయితే మా బొరియలో మీరెందుకున్నారు?"

వాలేశ్వరరావు బొప్పి తడుముకున్నాడు.

"కొన్నాడు కదమ్మా," అన్నాడు ఉడుము నెమ్మదిగా.

"ఎక్కడ రాసుంది?"

ఉడుము జడ్జిగారి పొట్ట వంక చూశాడు.

"సరే. కాగితం లేదు కాబట్టి బొరియ..." అని మొదలెట్టారు జడ్జిగారు.

"ఆగండి! ఉంది, ఉంది! ఒప్పందం ఉంది!" వాలేశ్వరరావు పరిగెత్తుకెళ్లి జడ్జిగారి డొక్క పట్టుకున్నాడు. "లోపలే ఉంది, యువరానర్. ఒక్కసారి నెమరుకి తెచ్చుకోండి. మీ కాళ్లకి దండం పెడతాను. దాంట్లో మొదటి ముక్క చాలు, నేను బయటపడతాను."

రెండు చేతులా డొక్క నిమిరాడు. ఉడుము అవతలి పక్క నిమిరాడు.

"కొంచెం కిందికి," అన్నారు జడ్జిగారు. "ఆఁ. అక్కడ."

కోర్టంతా ఎదురుచూసింది. చాలాసేపటికి ఒక పచ్చటి ముద్ద పైకొచ్చింది. బండ మీద పెట్టారు. గోరింక ముఖం అటు తిప్పుకుని, ఓరకంటితో చదివింది.

"మొదటి ముక్క లేదు, యువరానర్. 'తెలిసినంతవరకు' అన్నది అరిగిపోయింది."

"మిగిలిందేమిటి?"

"'నలభై వేల ఈగలు ఉన్నవి. లేనియెడల బొరియ తిరిగి ఇవ్వవలెను.' అంతే."

"ఉన్నవి అని రాసుంది. చూపించవయ్యా," అన్నారు జడ్జిగారు.

వాలేశ్వరరావు తుమ్మెద వంక చూశాడు. తుమ్మెద మెడ పట్టుకుని చూపించింది. గొంతు రావట్లేదని సైగ.

"ఇంకోసారి ప్రయత్నించండి, యువరానర్! కాస్త వామాకు తెప్పిస్తాను. మిగతా ముక్క కూడా వచ్చేస్తుంది!"

"బొరియ ఆవిడది," అన్నారు జడ్జిగారు. తీర్పు అయిపోయింది కాబట్టి ముద్ద మళ్లీ నోట్లో వేసుకున్నారు.

సూదమ్మ ఇల్లు చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. వాలేశ్వరరావు అడ్డదారిన ముందే వచ్చి లోపల దూరాడు. "ఆఫీసు సామాను సర్దుకోవాలి. ఓ నెల గడువియ్యమ్మా!" అని లోపల్నించి అరిచాడు. బయట తోక కనిపిస్తోంది.

సూదమ్మ ముళ్లు విప్పింది. వెనక్కి తిరిగి, వెనక్కి నడుచుకుంటూ లోపలికి వెళ్లింది.

ఆ కేక గుట్ట అవతల వాళ్లు కూడా విన్నారు. ఆఫీసు ఖాళీ అయింది.

పిల్లల్ని ఒక్కొక్కరినీ మూతితో లోపలికి నెట్టింది. ఒకటి. రెండు. మూడు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. ముగ్గురూ ఉన్నారు. అప్పుడు పడింది అసలు వాన.

నీతి: న్యాయానికి ఆయుష్షు, జడ్జిగారికి అరిగేంతవరకే.